కుడిచెయ్యా, ఎడమచెయ్యా

కిందటి చలికాలం డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళ గురించి నాకు తెలియని సంగతి లేదు, అలాగని వాటిలో నేను చూసిన ఊరూ లేదు. తెలిసిందంతా టీవీలో తెలిసిందే. పెళ్ళయి డెట్రాయిట్ పక్కనున్న నోవైకి వచ్చి అప్పటికి ఆరేడు నెలలు. ఉదయ్ పొద్దున్నే కార్ మీది మంచు గీక్కుని ఆఫీస్‌కి వెళ్ళిపోయేవాడు. కార్ల సీట్లకి సాఫ్ట్‌వేర్ రాయడం అతని ఉద్యోగం. సీటుకి సాఫ్ట్‌వేర్ ఏమిటని పెళ్ళిచూపుల్లోనే అడిగి నవ్వాను, ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాను. నాకు డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్దామంటే ఫుట్‌పాత్ ఎక్కడుందో మంచు కరిగితే గానీ తెలియదు.

మా అపార్ట్‌మెంట్‌లో కేబుల్ లేదు. కిటికీ అద్దానికి అంటించిన యాంటెన్నాకి అందే లోకల్ ఛానెళ్ళే దిక్కు. పొద్దున వాతావరణం చెప్పే ఆవిడ, యాక్సిడెంట్ అయితే వెంటనే నాకు ఫోన్ చేయండని బతిమాలే లాయరు, మధ్యాహ్నం సిట్‌కామ్‌లనే పాత కామెడీ సీరియళ్ళు, ఆ తర్వాత ఊరి విశేషాలు చూపించే ప్రోగ్రామ్. వీళ్ళే నా చుట్టాలు. లాయరు కొత్త సూట్ వేసుకున్న రోజున ఉదయ్ ఇంటికి రాగానే ఆ మాటే చెప్పాను. అతను నా మొహంలోకి కాస్త భయంగా చూశాడు.

పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. ఒక టీమ్ మొత్తం నా మాట వినేది, వినకపోతే వినిపించేదాన్ని. మా మేనేజర్ కృష్ణవేణి మేడమ్ ఆ డిసెంబర్‌లో ఫోన్ చేసి, నీ సీటు మార్చి దాకా అలాగే ఉంచుతాను, వస్తావో రావో ఈలోపు చెప్పు అంది. ఇక్కడ నాకు పని చేసే పర్మిట్ రావాలంటే ముందు ఉదయ్ గ్రీన్‌కార్డ్ ఫైల్ కదలాలి. అది ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. వెళ్తే మా కాపురం రెండు దేశాల్లో. ఉంటే నేనూ టీవీ.

ఏం చేయమంటావని ఉదయ్‌ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. వారం ఆగి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉండమంటే ఉండేదాన్నేమో, వెళ్ళమంటే దెబ్బలాడి ఉండిపోయేదాన్నేమో. ఏమీ అనని మనిషితో ఏమని దెబ్బలాడతాం? నిజం చెప్పాలంటే నేను ఉన్నా పోయినా అతనికి ఒకటేనేమో అన్న అనుమానం నాకు లోపల పట్టుకుంది. ఆ చలికాలమంతా నన్ను తిన్నది ఆ అనుమానమే, చలి కాదు.

ఆ రోజుల్లోనే జ్ఞానప్రసూన ఆంటీ మమ్మల్ని బార్‌కి లాక్కెళ్ళింది. ఆంటీ వాళ్ళాయన భీమశంకరం గారు ఉదయ్‌కి ఆఫీస్‌లో సీనియర్. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక వాళ్ళింట్లో రెండు టీవీలు, ఇద్దరు మనుషులు మిగిలారు. మేడ మీద ఆంటీ సీరియల్, కింద బేస్‌మెంట్‌లో అంకుల్ వార్తల చర్చలు. మొగుడి మొహం చూడాలంటే మెట్లు దిగాల్సి వస్తోందని ఆంటీకి విసుగొచ్చింది. నార్త్‌విల్‌లో ఒక పాత బార్‌లో ప్రతి మంగళవారం సాయంత్రం క్విజ్ పెడతారనీ, జనవరి నుంచి మార్చి దాకా లీగ్ నడుస్తుందనీ ఎక్కడో విని, అంకుల్ పేరూ తన పేరూ మా పేర్లూ ఇచ్చేసి వచ్చింది. ఐదోవాడు లోకేష్. వరంగల్ కుర్రాడు, ఒంటరి వాడు, ఉదయ్ టీమ్‌లోనే పని. మా హైవే ఎగ్జిట్ నంబర్‌నే టీమ్ పేరుగా పెట్టాడు.

అంకుల్ మందు ముట్టరు. బార్‌లో కూర్చుని వేడినీళ్ళలో నిమ్మచెక్క అడిగేవారు. ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లో చేగోడీల పొట్లం ఉండేది. బల్ల కింద నుంచి చేతులు మారేది. క్విజ్ నడిపే డెబ్బీ అనే పెద్దావిడ అది చూసి కూడా ఏమీ అనేది కాదు, రెండో వారం నుంచి తనూ చేయి చాపడం మొదలుపెట్టింది.

మొదటి రౌండ్ టీవీ. పాత సిట్‌కామ్‌ల మీద ప్రశ్నలు. ఏ పాత్ర ఏ కుర్చీలో కూర్చుంటుంది, ఏ ఇంటి తలుపు ఏ రంగు. నాకు నవ్వొచ్చింది. నేను ఉదయ్ చెవిలో చెప్పడం, అతను లోకేష్‌కి చెప్పడం, లోకేష్ రాయడం. అన్నీ కరెక్ట్. ఆంటీ నన్ను కొత్తగా చూసింది.

రెండో రౌండ్ ఊరి విశేషాలు. డెట్రాయిట్ వెళ్ళే హైవే పక్కన నిలబెట్టిన బ్రహ్మాండమైన టైరు ఉంది కదా, అది మొదట ఏమిటి అని డెబ్బీ అడిగింది. అంకుల్ ఆలోచించకుండానే, గనుల్లో తిరిగే లారీ టైరుకి చేసిన మోడల్ అన్నారు. అది ఎప్పుడో న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ అని నాకు తెలుసు, మధ్యాహ్నం ప్రోగ్రామ్‌లో రెండుసార్లు చూశాను. ఉదయ్ చెవిలో చెప్పాను. ఉదయ్ విన్నాడు. విని, "సార్ చెప్పిందే రాయి" అన్నాడు లోకేష్‌తో.

అంకుల్ మాట ఎవరూ కాదనరు. అందుకు కారణం ఉంది. ఉదయ్ మొదటిసారి ఈ దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయన. లోకేష్ నెల్లాళ్ళు ఉన్నది ఆయన బేస్‌మెంట్‌లో. డ్రైవింగ్ టెస్ట్‌కి కార్ ఇచ్చింది ఆయన, మొదటి పరుపు మోసింది ఆయన. అలాంటి మనిషి జెయింట్ వీల్‌ని లారీ టైరు అంటే, మావాళ్ళ దృష్టిలో అది లారీ టైరే. పక్క బల్ల మీద రిటైరైన స్కూల్ టీచర్ల టీమ్ ఉండేది. వాళ్ళు ఒక్కో ప్రశ్నకి కొట్టుకుచచ్చేవారు. మేము మర్యాదగా ఓడిపోయేవాళ్ళం.

తప్పని తెలిశాక అంకుల్ ఏమీ చిన్నబుచ్చుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ టైరు పక్కనుంచే పోతున్నాను, ఒక్కసారి ఆగి చూడలేదు అని ఆశ్చర్యపోయారు. ఆయన అప్పటికప్పుడు ఒక రూల్ పెట్టారు. ఏ స్థలం గురించి జవాబు తప్పుతామో ఆ ఆదివారం అక్కడికి వెళ్ళి చూసి రావాలి.

అలా ఆదివారం మేం ఐదుగురం టైరు దర్శనానికి వెళ్ళాం. కార్ దిగి హైవేని ఆనుకుని ఉన్న చిన్న రోడ్డు పక్కన మంచులో నిలబడ్డాం. టీవీలో చూసినప్పుడు ఇంత ఉంటుందని నేననుకోలేదు. లోకేష్ తల పైకెత్తి చాలాసేపు చూసి, దీనికి స్టెప్నీ యాడ పెట్టిన్రో అన్నాడు. ఆంటీ అప్పుడు సీరియల్‌లో కోడలికి రెండోసారి మతిపోయిన వారంలో ఉంది, ఈ టైరు మీద నుంచి తోస్తే గానీ ఆ అత్తగారు మారదంది. అంకుల్ టైరుకి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ. నేను చలికి వణుకుతూ నవ్వుతూనే ఉన్నాను. ఇండియా నుంచి వచ్చాక అంతగా నవ్వింది అదే మొదలు.

తిరిగి కార్ వైపు నడుస్తుంటే ఆంటీ నా చేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇది జెయింట్ వీల్ అని నీకు ముందే తెలుసు కదూ?"

తెలుసన్నాను.

"మరి గట్టిగా చెప్పవేం?"

"ఉదయ్‌కి చెప్పాను ఆంటీ."

"ఉదయ్‌కి చెప్తే గోడకి చెప్పినట్టే. మా ఆయన ముందు వాడు నోరెత్తడు. నువ్వే చెప్పు, ఆయనేం కరవడు."

తర్వాతి వారం చెప్పి చూశాను. చిన్నగా, అంకుల్, నాకెందుకో అది కాదనిపిస్తోంది అన్నాను. అలాగా అమ్మా అని ఆయన ఎంతో ఆప్యాయంగా విన్నారు. విని తనదే రాయించారు. ఆయన తప్పేమీ లేదు, ఎవరూ కాదనకపోతే తను చెప్పింది సరైనదే అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ వారం మేం ఒక పాత థియేటర్ చూడటానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ పై వారం గడ్డకట్టిన నది మధ్యలో ఉన్న పార్క్‌కి. అక్కడ లోకేష్ ఫోన్ తీసి అవతలి ఒడ్డున కనిపించేది కెనడా అని వాళ్ళమ్మకి వీడియో కాల్‌లో చూపించాడు. ఆవిడ నమ్మలేదు, కెనడాకి పాస్‌పోర్ట్ కావాలి కదరా అంది.

ఫిబ్రవరికల్లా నాకు మంగళవారాల కోసం ఎదురుచూడటం అలవాటైంది. మధ్యాహ్నాలు ఆంటీ ఫోన్ చేసి సీరియల్ కథ చెప్పేది, నేను సిట్‌కామ్ కథ చెప్పేదాన్ని, ఎవరిది ఎవరికీ పట్టేది కాదు. లోకేష్ శనివారాలు వచ్చి మాల్ వెనక ఖాళీ పార్కింగ్‌లో నాకు డ్రైవింగ్ నేర్పేవాడు. మంచు కుప్పని గుద్దితే, పర్లేదు వదినా, అదే కరుగుతది అనేవాడు. టీవీ రౌండ్‌లో మాకు ఎదురు లేకుండా పోయింది. స్థలాల రౌండ్‌లో అన్నీ అంకుల్‌కి తెలియనివే రావుగా, ఆయనకి తెలిసినవీ బోలెడు ఉండేవి. మెల్లగా మేం కిందనుంచి పైకి వచ్చి, లీగ్ ఆఖరి వారానికి టీచర్ల టీమ్‌కి కాస్త వెనకాల నిలబడ్డాం.

ఆ ఆఖరి మంగళవారం పొద్దున్నే కృష్ణవేణి మేడమ్ మళ్ళీ ఫోన్ చేసింది. ఇంక ఆపలేనమ్మా, రేపటికల్లా చెప్పు, లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటాను అంది. ఆవిడ గొంతు వింటుంటే పాత ఆఫీస్, కాంటీన్, నేనంటే భయపడే కుర్రాళ్ళు అన్నీ గుర్తొచ్చాయి. ఇక్కడిది వదిలేయాలనీ లేదు. ఈ మంచు, ఈ పిచ్చి స్నేహాలు నాకు నచ్చాయి. ఉదయ్ అంటే నాకు ఇష్టమని కూడా ఆ చలికాలంలోనే తెలిసింది, అదొక ఖర్మ. సాయంత్రం అతను రాగానే విషయం చెప్పాను. బూట్ల మంచు దులుపుకున్నాడు. మళ్ళీ ఆ "నీ ఇష్టం" అనే రెండు ముక్కలే అన్నాడు. నేను కోటు వేసుకుని వెళ్ళి కార్లో కూర్చున్నాను.

ఆ రోజు బార్ కిటకిటలాడింది. టీవీ రౌండ్‌తో మేం టీచర్లని అందుకున్నాం. చివరికి రెండు టీమ్‌లం సమానంగా నిలిచాం. డెబ్బీ కళ్ళజోడు సర్దుకుని, ఇంక ఒకే ఒక్క ప్రశ్న, ఎవరిది కరెక్టయితే వాళ్ళకే కప్పు అంది. డెట్రాయిట్ నడిబొడ్డున కూర్చున్న ఆకుపచ్చ కంచు విగ్రహం ఉంది కదా. ఒక చేతిలో కిరణాలు చిమ్మే బంగారు గోళం, ఇంకో చేతిలో చిన్న కుటుంబం. ఆ కుటుంబం ఏ చేతిలో ఉంది?

"కుడిచేయి" అన్నారు అంకుల్.

నాకు ఆ విగ్రహం రోజూ కనిపించేది. వాతావరణం చెప్పే ఆవిడ వెనకాల అదే ఉంటుంది. ఊరి హాకీ టీమ్ ఆడే రోజుల్లో దానికి జెర్సీ తొడిగితే కూడా చూశాను. కళ్ళు మూసుకున్నాను. కుటుంబం ఎడమ వైపు, గోళం కుడి వైపు. ఇంత స్పష్టంగా నాకు మా ఇంటి గుమ్మం కూడా కనిపించదు.

"ఎడమచేయి అంకుల్," అన్నాను. ఈసారి నా గొంతు నా పాత ఆఫీస్ గొంతులా వచ్చింది. "నేను రోజూ చూస్తాను."

ఆయన ఆగారు. "కుడి అనుకుంటానమ్మా. ఎప్పుడో దాని పక్క ఆఫీస్‌లో పనుండి వెళ్ళినప్పుడు చూశాను."

లోకేష్ పెన్ను పట్టుకుని అంకుల్ వైపు చూశాడు. అలవాటు ప్రకారం కుడి అని రాయబోయాడు. నేను ఇంక ఏమీ అనదలుచుకోలేదు. రేపటికల్లా విమానం టికెట్ చూసుకోవాలి అనుకున్నాను, నిజంగా ఆ క్షణంలో అదే అనుకున్నాను.

"కాదు లోకేష్," అన్నాడు ఉదయ్. "సారీ సార్. రష్మి చెప్పిందే రాయి."

ఆంటీ చేయి పొట్లంలోనే ఉండిపోయింది. ఉదయ్ చెవులు ఎర్రబడ్డాయి, అయినా చూపు దించలేదు. అంకుల్ అతన్ని ఒకసారి చూశారు, నన్ను ఒకసారి చూశారు. తర్వాత తనే చీటీని లోకేష్ వైపు జరిపి, రాసేయ్ అన్నారు. లోకేష్ ఎడమ అని రాశాడు.

డెబ్బీ చీటీలు విప్పింది. జవాబు కుడిచేయి.

టీచర్ల బల్ల ఒక్కసారిగా లేచి నిలబడి గోల గోల చేసింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఫోన్‌లో ఆ విగ్రహం ఫోటో వెతికి చూస్తే అప్పుడు అర్థమైంది. నేను చూసింది నా ఎడమ. టీవీకి ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ. విగ్రహం వైపు నుంచి చూస్తే అది కుడిచేయి. అంకుల్ నా భుజం తట్టి, గుళ్ళో ఏ చేతిలో శంఖం, ఏ చేతిలో చక్రం అంటే దేవుడి వైపు నుంచే కదమ్మా లెక్క, నేను అలా చూశాను అన్నారు. ఆ చలికాలమంతా తప్పులు చెప్పి, ఒప్పు చెప్పిన రోజున ఓడిపోయినందుకు ఆయనకి నవ్వాగలేదు. నిమ్మనీళ్ళు పొరబోయి దగ్గుతూ మరీ నవ్వారు. ఆంటీ ఆయన వీపు నిమురుతూ, ఇన్నాళ్ళకి ఒకడు మిమ్మల్ని కాదన్నాడు, పండగ చేసుకోండి అంది. ఆయన లేచి ఉదయ్‌ని కౌగిలించుకున్నారు. అందరూ సంతోషంగానే ఉన్నారు. నేనే ఎటు చూడాలో తెలియక కోటు గుండీలు పెట్టుకుంటూ నిలబడ్డాను.

కార్లో హీటర్ వేడెక్కేదాకా ఇద్దరం చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాం.

"నా మాట నమ్మి అందరి ముందూ వెర్రివాడివయ్యావు" అన్నాను.

"అయ్యాను" అన్నాడు. బాధపడుతున్నట్టు లేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు గానీ కార్ తీయలేదు. "రష్మీ, వెళ్ళొద్దు."

నేను హీటర్ చప్పుడు తగ్గించాను. మాట్లాడితే ఆపేస్తాడేమోనని భయం.

"ఈ మాట అడుగుదామని డిసెంబర్ నుంచీ ఉంది. అడిగితే ఉండిపోతావు. ఉండిపోయాక పర్మిట్ రాక, ఇంట్లోనే కూర్చుని కూర్చుని, ఇదంతా తప్పని తేలిందనుకో. నా మాట వినే కదా ఇలా అయిందని రోజూ నీకు అనిపిస్తుంది. అందుకని నీకే వదిలేశాను."

"ఇవాళ నువ్వు నా మాట విన్నావు. తప్పని తేలింది. నీకేమనిపించింది?"

చాలాసేపు ఆలోచించాడు. అతను దేనికైనా అలాగే ఆలోచిస్తాడు, సీట్ల సాఫ్ట్‌వేర్ కదా. బార్ తలుపు తెరుచుకుని అంకుల్, ఆంటీ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఐసు మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వాళ్ళ కార్ వైపు వెళ్ళారు.

"ఏమీ అనిపించలేదు," అన్నాడు. "మళ్ళీ అడిగినా నీదే రాయమంటాను."

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అతను కంగారుపడి టిష్యూల కోసం వెతికి, దొరక్క, తన మఫ్లర్ ఇచ్చాడు. హైదరాబాద్‌లో అప్పుడే తెల్లవారుతోంది. మేడమ్ ఆ టైంకి పార్క్‌లో నడుస్తుంటుందని నాకు తెలుసు. అక్కడే, కార్లోనే ఫోన్ చేశాను. రావట్లేదని చెప్పాను.

ఆవిడ నడక ఆపినట్టుంది. "బాగా ఆలోచించుకునే చెప్తున్నావా? తర్వాత తప్పు చేశాననుకోవు కదా?"

"తప్పే కావచ్చు మేడమ్," అన్నాను, ఉదయ్ వైపు చూస్తూ. "ఇద్దరం కలిసే చేస్తున్నాం."